వెనక్కి తిరిగే బోల్టు

వంతు 211వ రోజు, శనివారం

బండి పుస్తకంలో రోజుకు రెండు వరుసలే పడతాయి. కిలోమీటర్లకు ఒక గడి, లోపాలకు ఒక గడి. ఈ రోజు లోపాల గడిలో "వెనక ఎడమ చక్రం దగ్గర చప్పుడు" అని రాశాను. అంతకు మించి చోటు లేదు. మిగతాది ఈ నోటుబుక్కులో రాస్తున్నాను, నా తర్వాత వంతు వచ్చేవాళ్ళకు పనికొస్తుందని. ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూలు లేబరేటరీలో అసిస్టెంటుగా పనిచేశాను. చూసింది చూసినట్టు రాయడం నాకు వచ్చు. బండ్ల గురించి మాత్రం ఏమీ తెలియదు. పదకొండో మెట్టులో ఉన్న ముప్ఫై ఆరు ఇళ్ళకూ కలిపి ఒకటే తోలుడు బండి. ఏడాదికొక ఇల్లు దాని బాగోగులు చూడాలి. ఈ ఏడాది చీటీ మా ఇంటి పేరున తగిలింది.

సముద్రం పైకొచ్చాక మమ్మల్ని ఈ కొండవాలు మీద మెట్లు మెట్లుగా సర్దారు. తనంతట తాను నడిచే తనబండ్లు మా మెట్టు దాకా రావు. వాటి పటంలో మా రోడ్డు లేదు. నాలుగు కిలోమీటర్ల కింద వంపు దగ్గర ఆగి, తలుపు తెరిచి, మీరు దిగవలసిన చోటు వచ్చింది అంటాయి. అక్కణ్ణుంచి పైకి రావాలంటే మనిషి తోలే పాత బండి ఒక్కటే దారి.

ఈ రోజు బియ్యం బస్తాలు తెస్తుంటే ప్రతి గుంతలోనూ వెనక ఎడమవైపు డక్కుమంటోంది. ఇంటి ముందు ఆపి చూస్తే ఆ చక్రం లోపలికి వాలి ఉంది. కుడివైపు చక్రం నిటారుగా ఉంది. బండి కింద పడుకుని చూశాను. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంది, ఆర్మ్ అంటారు. దాని లోపలి కొసన కుదుపులు ఆపే రబ్బరు బుష్షు చిరిగిపోయింది. నా కంటే ముందు వంతువాళ్ళు వదిలివెళ్ళిన సామాన్ల పెట్టెలో కొత్త ఆర్మ్ ఉంది, బుష్షులతో సహా. రెండు కొత్త బోల్టులు కూడా ఉన్నాయి. కాబట్టి పెద్ద పని కాదనుకున్నాను. పాతది విప్పాలి, కొత్తది బిగించాలి. రేపు మధ్యాహ్నానికి అయిపోవాలి.

మంగళవారం నా భార్య సత్యవేణికి డయాలిసిస్ ఉంది.

వంతు 212వ రోజు, ఆదివారం

కాలేదు. ఎందుకు కాలేదో కూడా నాకు సరిగ్గా తెలియడం లేదు.

పొద్దున్నే జాకీ పెట్టి బండిని లేపాను. జాకీని నమ్మకుండా పక్కన రాళ్ళు పేర్చాను. చక్రం విప్పాను. ఆర్మ్ బయటి కొసన ఉన్న బోల్టు అరగంటలో వచ్చేసింది. అప్పటిదాకా బాగానే ఉంది.

లోపలి కొస బోల్టు నట్టు కూడా కొంచెం మొరాయించి ఊడింది. నట్టు ఊడాక బోల్టు జారి రావాలి కదా. రాలేదు. సుత్తితో కొట్టాను. కదల్లేదు. స్పానర్ వేసి తిప్పాను. తిరిగింది. పావు వంతు తిరిగింది. సంతోషించి స్పానర్ వదిలాను. అంతే, బోల్టు నెమ్మదిగా వెనక్కి తిరిగి మొదట ఉన్న చోటికే వచ్చి ఆగింది.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి తల మీద సుద్దముక్కతో గీత గీసి తిప్పాను. గీత వెళ్ళింది, గీత వచ్చింది. ఇరవై సార్లు తిప్పాను. ఇరవై సార్లూ అంతే. ఇనుము ఇలా చేయగా నేనెప్పుడూ చూడలేదు. పట్టేసిన వస్తువు తిరగకూడదు. తిరిగే వస్తువు పట్టేసినట్టు కాదు. ఈ బోల్టు రెండూ చేస్తోంది.

సత్యవేణి గడపలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

"అది మీతో ఆడుకుంటోంది," అంది.

"ఆడుకోవడానికి దానికి ప్రాణం ఉందా?"

"మరి మీరెందుకు దాన్ని బతిమాలుతున్నారు?"

బతిమాలుతున్నానని నాకు తెలియదు. పైకే మాట్లాడుతున్నానన్నమాట.

వంతు 213వ రోజు, సోమవారం

వార్డు ఆఫీసు వసారా గోడకు సలహాపెట్టె ఉంది. ఏది అడిగినా చెబుతుంది, గొంతు మర్యాదగా ఉంటుంది. మెట్టు పేరు, బండి నంబరు చెప్పి సంగతి వివరించాను.

"మీ బండి ఏడేళ్ళుగా పొడినేల మెట్టులోనే తిరిగింది. తుప్పు స్వల్పంగా ఉండాలి. బోల్టు మామూలు బలంతో వస్తుంది. మీరు విప్పుతున్నది ఆ బోల్టేనా, దయచేసి సరిచూసుకోండి," అంది.

వచ్చి సరిచూసుకున్నాను. ఆ బోల్టే. తుప్పు వదిలించే నూనె పోసి రెండు గంటలు ఆగాను. కొట్టాను. మళ్ళీ నూనె, మళ్ళీ సుత్తి. బోల్టు కొస పుట్టగొడుగులా పరుచుకుంది తప్ప లోపలికి వెంట్రుకవాసి పోలేదు. దీపం సెగ పెట్టి చూశాను. రబ్బరు కమురు వాసన వచ్చి సత్యవేణికి వాంతి వచ్చినంత పనైంది. ఆపేశాను.

ఫొటో తీసి సాయంత్రం మళ్ళీ పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఫొటో చూపించాను.

"ఇది సముద్రపు ఉప్పు తగిలిన తుప్పు. బోల్టు, బుష్షులోని ఇనప గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది."

"మరి తిరుగుతోందేం?"

"తిరుగుతున్నది బోల్టు ఒక్కటే కాదు. గొట్టం కూడా దాంతో పాటు తిరుగుతోంది. చుట్టూ ఉన్న రబ్బరు మెలి తిరిగి, మీరు వదలగానే వెనక్కి లాగుతోంది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండు రోజుల తర్వాత ఒక ముక్క అర్థమైంది. "అయితే ఇప్పుడేం చేయాలి?" అన్నాను.

"ఏమీ చేయనవసరం లేదు. ఈ ఫొటో మీ బండిది కాదు."

"నేనే తీశాను. ఇప్పుడే."

"మీ బండి సముద్రానికి వెళ్ళినట్టు పుస్తకంలో లేదు. పుస్తకం మీరే రాస్తున్నారు. కాబట్టి ఈ ఫొటో మీ బండిది కాదు. మీ బండి బోల్టు మామూలు బలంతో వస్తుంది."

ఇంకో నాలుగు రకాలుగా అడిగాను. నాలుగుసార్లూ మర్యాదగా అదే చెప్పింది. ఇంటికి వస్తూ దారిలో ఆగిపోయాను. పెట్టె చెప్పిందాంట్లో తప్పేముంది? ఉప్పు తుప్పు ఉన్న బండి మా బండి ఎలా అవుతుంది? మా బండిని ఎవరైనా మార్చేశారా?

వంతు 214వ రోజు, మంగళవారం

సత్యవేణి ఆసుపత్రికి వెళ్ళలేకపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి వంపు దాకా మోద్దామంటే మెట్టులో మగవాళ్ళంతా సముద్రపు గట్టు పనికి వెళ్ళారు, నెలాఖరుకు గానీ రారు. నేనూ, ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి ప్రయత్నించాం. వాన వల్ల దారి జారుతోంది. రెండో మలుపు దగ్గర ఒకావిడ పడబోయింది. సత్యవేణే వెనక్కి తీసుకెళ్ళిపొమ్మంది.

ఆసుపత్రికి కబురు పెడితే, శుక్రవారం దాకా ఆగొచ్చు, రోజుకు అరలీటరుకు మించి నీళ్ళు తాగనివ్వద్దు, శుక్రవారం దాటితే మాత్రం కుదరదు అన్నారు. మధ్యాహ్నానికే పాదాలు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. నొక్కి చూస్తున్నానని విసుక్కుంది.

తర్వాత బండి కింద దూరి చాసిస్ నంబరు తుడిచి చూశాను. పుస్తకంలో నంబరే. బండి మాదే.

అప్పుడు ఇంకొకటి గమనించాను. మూడు రోజులుగా కళ్ళ ముందే ఉన్నా తోచలేదు. తుప్పు ఎడమ వెనకే ఉంది. కుడివైపు ఆర్మ్ మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ముందు చక్రాల దగ్గర కూడా లేదు. బండి సముద్రంలో దిగితే నాలుగు వైపులా తడవాలి కదా. ఒక్క మూలనే ఉప్పు ఎలా కరుస్తుంది?

మంగళ, శుక్రవారాలు మెట్టు బావినీళ్ళలో ఉప్పు పరీక్షించడం నా ఉద్యోగం. అందుకే సత్యవేణితో ఆసుపత్రికి వెళ్ళడం నాకు కుదరదు. సంగాని నూకరత్నం బండి తోలుకుని తీసుకెళ్ళి తీసుకొస్తుంది. మా మెట్టులో ఈ వాలు మీద భయం లేకుండా తోలగలిగేది ఆవిడే. శనివారం నుంచీ ఆరో మెట్టులో కూతురి దగ్గర ఉంది, ఈ పొద్దున రావలసింది, వానకు ఆగిపోయింది, రేపు వస్తుంది.

పరీక్షకు వాడే సిల్వర్ నైట్రేట్ సీసా ఇంట్లోనే ఉంటుంది. ఆర్మ్ మీది తుప్పు గీకి శుభ్రమైన నీళ్ళలో కలిపి, వడకట్టి, రెండు చుక్కలు వేశాను. గాజుగొట్టమంతా పెరుగులా తెల్లగా విరిగింది. అంత ఉప్పు నేను ఈ ఏడేళ్ళలో ఏ నీళ్ళలోనూ చూడలేదు. కుడివైపు దుమ్ము అలాగే చేసి చూశాను. చిన్న పొగలా వచ్చి ఊరుకుంది.

ఉప్పునీరు మెట్ల మీదికి తేకూడదన్నది మా మొదటి నిబంధన. తెస్తే ఆ మెట్టు బండి తీసేసుకుంటారు. ఆ నిబంధనకు కాపలా కాసేది నేను. నా సంరక్షణలో ఉన్న బండికే ఇంత ఉప్పు పట్టింది. గాజుగొట్టం కడిగి బోర్లించాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే మొదట పోయేది సత్యవేణి ఎక్కే బండి.

వంతు 215వ రోజు, బుధవారం

పదిగంటలప్పుడు నూకరత్నం వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆవిడది కోరంగి దగ్గర మునిగిపోయిన ఊరు. మొగుడు ఉన్నప్పుడు పడవ ఇంజనుకు తనే మరమ్మతు చేసేది.

"ఏటండి మేష్టారూ, బండి కిందే కాపురం పెట్టేసేరా?" అంది.

చెప్పాను. ఆవిడ చతికిలబడి, తల లోపలికి పెట్టి, బోల్టును వేలితో తడిమింది.

"ఇది ఊడదండి. కోసెయ్యడమే. బుష్షుకీ, బండికున్న ఇనప పట్టుకీ మధ్య సందు ఉంది సూడండి, అక్కడ బ్లేడు దూరుద్ది. ఆపక్కొకటి, ఈపక్కొకటి కోసేత్తే సెయ్యి దానంతటదే కింద పడుద్ది. ఉప్పు పట్టిన బోల్టుతో మాటలెట్టుకోకూడదండి."

"ఉప్పు పట్టిందని నీకెవరు చెప్పారు?"

తల బయటికి తీయలేదు. 

"ముందు కోద్దారండి," అంది. "సేతులు ఆడతా ఉంటే సెప్తాను. కూకోబెట్టి అడిగితే నాకు మాట రాదు."

ఐదు రంపపు బ్లేడ్లున్నాయి. చట్రంలో పెడితే సందులోకి పోదు, అందుకని బ్లేడుకు ఒక కొసన గుడ్డ చుట్టి చేత్తోనే కోయాలి. ఆవిడ వంద లాగుళ్ళు, నేను వంద లాగుళ్ళు. ఆవిడ కోస్తున్నప్పుడు మాట్లాడేది, నేను కోస్తున్నప్పుడు ఊరుకునేది. కాబట్టి సంగతంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మడచెట్లు. పోయిన కోరంగి అడవిలో ఉండేవే. సముద్రం మింగగా మిగిలిన నాలుగు చెట్ల కాయలు ఒడ్డుకు కొట్టుకొస్తుంటే ఏరి తెచ్చింది. వాళ్ళింటి వెనక వాడకుండా వదిలేసిన సిమెంటు తొట్టె ఉంది. అందులో సంచుల్లో నాటింది. మంచినీళ్ళు పోసి పెంచిన మొక్కను సముద్రం ఒడ్డున పాతితే వారంలో చస్తుంది. ఉప్పు అలవాటు చేయాలి. అందుకని ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ, అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్త ఒడ్డుకు వెళ్ళి ఒక డ్రమ్ము నీళ్ళు డిక్కీలో పెట్టుకుని వస్తోంది. ఏడాదిన్నర నుంచీ.

"డ్రమ్ము ఎడంపక్కనెడతానండి. కుడిపక్కన స్టెప్నీ ఉంటాది గదా. మూత కారి, డిక్కీ అడుగునున్న కన్నంలోంచి నీళ్ళు దీని మీద పడ్డాయి. నిన్న ఆరో మెట్టులో కబురు తెలిసినప్పుడే అనుకున్నాను, నా పనే ఇది అని."

అప్పుడు నా వంతు కోత. నేను ఆపి కూర్చున్నాను.

"మూత గట్టిగా బిగించొచ్చు కదా?"

ఆవిడ బ్లేడు తీసుకుని తనే మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

"మూత బిగించేది నేను కాదండి. సత్తేణమ్మగారు."

నాకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను.

"యంత్రం మీంచి లేచాక ఆవిణ్ణి ఆసుపత్రి బల్ల మీద ఒగ్గేసి నేనెక్కడికెల్తానండి? కూడా తీసుకెల్తాను. నేను నీళ్ళు తోడతాను, ఆవిడ మూత బిగిత్తాది. ఏదో ఒక పని నన్ను సెయ్యనీ అంటాది. ఆవిడ సేతిలో బలం లేదని నాకు తెల్సు. ఆవిడ బిగించాక మళ్ళీ నేను బిగిత్తే బాగోదు గదండి. ఊరుకునేదాన్ని."

మూడు గంటలకు మొదటి కోత పూర్తయింది. రెండు బ్లేడ్లు పోయాయి. రెండో కోత రేపటికి వదిలాం. ఇద్దరికీ అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

తొట్టె చూపిస్తానంటే వెళ్ళాను. మూడు వందలకు పైగా మొక్కలు. జానెడు నుంచి మోకాలెత్తు దాకా, మందపాటి ఆకులు, నల్లనీళ్ళు. తొట్టె గోడల చుట్టూ తిరిగి, వంగి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. పగుళ్ళకు తారు పూసి ఉంది. ఇది తప్పని ఈవిడకు తెలుసు, అందుకే ఇంత జాగ్రత్త. నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో తెలియలేదు. "ఎవరి కోసం ఇదంతా?" అని అడిగాను.

"గట్టు ఏటేటా కట్టడం, ఏటేటా కొట్టుకుపోవడమే గదండి. అడివి ఉన్నప్పుడు మాకు గట్టు లేదు," అంది.

వంతు 216వ రోజు, గురువారం

రాత్రి అడగలేదు. పొద్దున సత్యవేణికి అరగ్లాసు నీళ్ళు కొలిచి ఇస్తూ అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు రాసేస్తారు."

"రాయొద్దని చెబితే రాయను కదా."

"రాయకుండా ఉండగలరా మీరు? మొన్న నా కూరలో ఉప్పు లేదని నేను గొణిగితే అది కూడా తారీఖు వేసి రాసుకున్నారు."

నిజమే. రాశాను. డాక్టరుకు పనికొస్తుందని రాశాను.

"వారానికి రెండుసార్లు ఒడ్డుకు వెళ్ళేదానివి. ఇంటికొచ్చి అలసిపోయానని పడుకునేదానివి. నేను ఆసుపత్రి వల్ల అనుకునేవాణ్ణి."

"ఆసుపత్రి వల్లే. అలసట అబద్ధం కాదు." నీళ్ళు గుక్క గుక్కగా తాగింది. "అక్కడ ఎవరూ నా పాదం నొక్కి చూడరండీ. నూకరత్నక్క నాకు పని చెబుతుంది. అది పట్టుకో, ఇది బిగించు అంటుంది. సరిగ్గా బిగించలేదని తిట్టనూ తిట్టదు. తిట్టి ఉంటే బాగుండేది, ఈ బోల్టు ఇలా అయ్యేది కాదు."

ఆవిడ నవ్వుతోందా ఏడుస్తోందా అని ముఖంలోకి చూశాను. ముఖం కూడా ఉబ్బి ఉంది, పోల్చుకోలేకపోయాను. పక్కన కూర్చున్నాను. బావినీళ్ళు పరీక్షించి రావాలని లేచాను. ఈ వారం మంగళవారం పరీక్ష తప్పింది. తొట్టెకు దిగువన ఉన్న రెండు బావుల్లోనూ చూశాను. ఎప్పటిలాగే పలచని మసక. ఉప్పు పెరగలేదు. మూడోసారి కూడా చూశాను, పెరిగి ఉంటే బాగుండుననుకున్నట్టుగా. పెరిగి ఉంటే ఏం చేయాలో నాకు తెలిసేది.

పదకొండు నుంచి రెండో కోత. నాలుగో బ్లేడు మధ్యలో విరిగింది. ఆఖరి బ్లేడుతో మెల్లగా, నూనె వేస్తూ, ఒక్కొక్క లాగుడూ లెక్కపెట్టుకుంటూ కోశాం. ఒంటిగంటన్నరకు ఆర్మ్ ఒక్కసారిగా కిందికి జారి నా ముంజేతి మీద పడింది. వాచింది గానీ విరగలేదు. కోసిన బుష్షులోకి చూస్తే బోల్టెక్కడో గొట్టమెక్కడో తెలియనంతగా ఒకటైపోయి ఉన్నాయి.

కొత్త ఆర్మ్ ఎక్కించాం. బోల్టులకు గ్రీజు దట్టంగా పూశాను. ఇంక గట్టిగా బిగించబోతుంటే సామాన్ల పెట్టె అడుగున అంటించిన చీటీ కనబడింది. ఎవరో పాత వంతువాళ్ళు రాసింది: "చివరి బిగింపు చక్రం నేల మీద ఉన్నప్పుడే." ఎందుకో రాయలేదు. నూకరత్నానికీ తెలియదు. కాసేపు తల గోక్కున్నాక, ఆ బోల్టు ఇరవై సార్లు వెనక్కి తిరగడం గుర్తొచ్చింది. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. కాబట్టి చక్రం వేసి, జాకీ దించి, బరువంతా నేల మీద పడ్డాక బిగించాను. నా తర్వాత వంతువాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బండి పుస్తకం లోపాల గడిలో "బోల్టు తుప్పుపట్టి కోయవలసి వచ్చింది, కొత్తది వేశాం" అని రాశాను. ఎలా తుప్పు పట్టిందో రాయలేదు. గడిలో చోటు ఉంది. కావాలంటే ఇంకో నాలుగు మాటలు పట్టేవి. ఈ నోటుబుక్కులో ఆ పేజీలు కూడా ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంటాను. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను చూసి కూడా పుస్తకంలో రాయనిది ఇదే మొదటిసారి. ఇది తప్పో కాదో ఎంత ఆలోచించినా తేలడం లేదు. సలహాపెట్టెను అడగలేను.

వంతు 217వ రోజు, శుక్రవారం

పొద్దున ఆరుకు బయల్దేరాం. చక్రం చప్పుడు వినడానికి నేను వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాను. నీళ్ళ పరీక్ష రేపటికి వాయిదా వేశాను. మొదటి గుంత రాగానే ముగ్గురం మాట్లాడ్డం మానేశాం. చప్పుడు లేదు. రెండో గుంతలోనూ లేదు. నూకరత్నం మూడో గుంతలో కావాలనే దించింది. సత్యవేణి విసుక్కుంది.

ఆసుపత్రిలో నాలుగున్నర గంటలు పట్టింది. మూడు లీటర్ల పైన నీళ్ళు తీశామన్నారు. ఆవిడ బయటికి వచ్చేసరికి ముఖం ముఖంలా ఉంది. చేతికి కట్టు, కళ్ళ కింద నలుపు. నన్ను చూసి, "మీరూ వస్తారా?" అని అడిగింది. ఎక్కడికని నేను అడగలేదు.

కొత్త ఒడ్డు నేను చూడటం ఇదే మొదటిసారి. ఏడేళ్ళుగా ఉప్పు కొలుస్తున్నాను గానీ సముద్రం దగ్గరికి రాలేదు. ఇసుక ఉంటుందనుకున్నాను. బురద. మునిగిన ఇళ్ళ పిట్టగోడలు, కరెంటు స్తంభాల తలలు, వాటి మధ్య బూడిదరంగు నీళ్ళు. సముద్రం ఆటు మీద ఉంది. నూకరత్నం చీర ఎగ్గట్టి దిగింది. డిక్కీలోంచి ఇరవై మొక్కలూ, ఒక సంచి నిండా మడకాయలూ తీసింది. పచ్చగా, పొడుగ్గా, పెన్నుల్లా ఉన్నాయి.

"ఇయి సెట్టు మీదే మొలకెత్తుతాయండి. ఏకంగా బురదలో గుచ్చెయ్యడమే," అని నా చేతిలో గుప్పెడు పెట్టింది.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగాను. ఒక కాయ పట్టుకుని చూశాను. ఒక కొస సన్నగా ఉంది, ఒక కొస కొంచెం లావుగా ఉంది. ఏది వేరు, ఏది ఆకు?

"ఏ కొస కిందికి?"

బండి తలుపు తెరిచి, కాళ్ళు బయట పెట్టుకుని కూర్చున్న సత్యవేణి చెప్పింది. "లావుది కిందికి. టోపీ ఊడిన కొస పైకి."

"టోపీ ఏది?"

"అదే, ఊడిపోయిందన్నాను కదా."

రెండు కొసల్లోనూ టోపీ కనబడలేదు. నాకు సరైందనిపించిన కొసను గుచ్చాను. నూకరత్నం వచ్చి అందులో నాలుగింటిని పీకి తిరగేసి గుచ్చింది. 

పిట్టగోడల వెనక వాళ్ళు ఇదివరకు నాటినవి ఉన్నాయి. ఏడాదిన్నరలో నూట ఎనభై నాటారట. ఎక్కువ భాగం అలలు పట్టుకుపోయాయి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రమ్మని సత్యవేణి నాకు పని చెప్పింది. బురదలో ఒక్కో కాలూ పీక్కుంటూ వెళ్ళాను. చాలాచోట్ల ఎండిన పుల్లలు మాత్రమే నిలబడి ఉన్నాయి. ఆకు ఉన్నవాటినే లెక్కపెట్టాను. కాలు కూరుకుపోయినప్పుడు ఒకసారి లెక్క తప్పాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

తిరిగొచ్చి, "ఇరవై మూడు," అన్నాను.

సత్యవేణి నూకరత్నం వంక చూసింది. "పోయిన శుక్రవారం ఇరవై ఒకటే కదక్కా?"

"ఇరవై ఒకటే. నేనే లెక్కెట్టాను," అంది నూకరత్నం.

"మీరు పుల్లల్ని కూడా లెక్కపెట్టారు," అంది నాతో.

"లేదు. ఆకు ఉన్నవే పెట్టాను."

"ఒకదాన్నే రెండుసార్లు పెట్టుంటారు."

పెట్టి ఉండొచ్చు. కాలు కూరుకుపోయిన చోట అన్ని పిట్టగోడలూ ఒకేలా ఉన్నాయి. ఎండిపోయాయనుకున్న రెండు మొక్కలు ఈ వారంలో చిగురు వేసి ఉండొచ్చు కూడా. రెండింట్లో ఏదో నేను చెప్పలేకపోయాను. మళ్ళీ వెళ్ళి చూద్దామంటే అప్పటికే పోటు మొదలైంది, నీళ్ళు గోడల మధ్యకు వచ్చేస్తున్నాయి. నూకరత్నం ఇంక ఎక్కమంది.

"మంగళవారం చూద్దాం లెండి," అంది సత్యవేణి, నా మోకాళ్ళ మీది బురద చూస్తూ.